ప్రామాణిక చుట్ట

మా వైపు దారిన పోయేవాణ్ణి ఆపి ఫలానా ఊరు ఎంత దూరమని అడిగితే మైళ్ళలో చెప్పేవాడు బడిపంతులు, కిలోమీటర్లలో చెప్పేవాడు బస్సు కండక్టరు. మిగిలినవాళ్ళందరూ చుట్టల్లో చెబుతారు. ఇంటి దగ్గర నిప్పు ముట్టించుకుని గడప దాటితే ఆ చుట్ట ఎక్కడ అయిపోతుందో అక్కడికి ఒక చుట్ట దూరం. అక్కడ ఆగి రెండోది వెలిగిస్తే రెండో చుట్ట మొదలు. జీడివలస నుంచి బూరాడపేట ఆసుపత్రికి ఎండాకాలంలో రెండున్నర చుట్టలు. వానాకాలంలో అది ఎన్నిసార్లు ఆరిపోతుందన్నదాన్ని బట్టి. ఈ లెక్క మీద పెళ్ళి సంబంధాలు కుదిరాయి, గొడ్ల బేరాలు తెగాయి, ఎవరూ కోర్టుకెక్కలేదు.

నేను సర్వే శాఖలో గొలుసు మనిషిని. సర్వేయరుగారు నీడన నిలబడి దుర్భిణిలోంచి చూస్తూ చెయ్యి ఊపుతుంటే, ఇరవై మీటర్ల ఇనప గొలుసు ఒక కొస పట్టుకుని ముళ్ళకంపల్లో పడి పోవడం నా ఉద్యోగం. జీడివలస నుంచి బూరాడపేటకి గొలుసు లాగినవాణ్ణి నేనే. మూడువందల పది గొలుసులు వచ్చింది, అంటే ఆరు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. మధ్యలో గెడ్డ ఉంది. మొలలోతు నీళ్ళలో కూడా గొలుసు వదల్లేదు గనక ఈ లెక్కకి నేను కాక పన్నెండు జలగలు సాక్ష్యం. వాటిని నా పిక్కల మీంచి లెక్కపెట్టి మరీ తీశాను.

అంత కష్టపడి కొలవడానికి కారణం ఉంది. ఆసుపత్రికి ఐదు కిలోమీటర్లకి మించిన దూరంలో ఉన్న ప్రతి ఊరికీ ఒక ఉప కేంద్రం ఇస్తామని ప్రభుత్వం రూలు పెట్టింది. ఉప కేంద్రమంటే ఒక నర్సమ్మ, ఒక మంచం, మందుల బీరువా ఒకటి. జీడివలసకి అది చిన్న సంగతి కాదు. అంతకు ముందటేడు ఆ ఊరి నుంచి కాన్పుకని మంచం మీద మోసుకెళ్ళిన ముగ్గురిలో ఒకామె గెడ్డ ఒడ్డునే కనింది. ఇంకొకామెకి బిడ్డ దక్కలేదు. ఆ రెండో ఆమె గూళ్ళ తవిటమ్మ మనవరాలు పారమ్మ. ఇప్పుడు పారమ్మకి మళ్ళీ మూడో నెల. ఈసారి గెడ్డ దాటించే పని లేకుండా నర్సమ్మే ఊళ్ళోకి వస్తుందని తవిటమ్మ రోజూ దారి కేసి చూస్తోంది. ఆరు రెండు వందలు ఐదు కంటే ఎక్కువే గనక ఫైలు కదిలి, పట్నంలో సంతకం చేసేవారి బల్ల మీదికి చేరింది.

సరిగ్గా అప్పుడే దేశీయ పరిమాణాల ప్రమాణీకరణ మండలి పుట్టింది.

ఎవరో పెద్దాయన ఏదో సభలో, మన దూరాలను పరాయివాళ్ళ కొలతల్లో కొలుచుకోవడం ఎంత సిగ్గుచేటని అడిగాడట. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేలోగా మండలి ఏర్పడింది, జీపు కొన్నారు, డైరెక్టరుగా దక్షిణామూర్తిగారిని వేశారు. ఆయన సన్నటి మనిషి, మంచి మనిషి. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క కాగితం మీద తప్పు తేదీ వేసి ఎరగరు. చుట్ట వాసన తగిలితే జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. ఆయన వెనకాల గుమాస్తా చిదానందంగారు, ఆ గుమాస్తా చేతిలో పుస్తకం. డైరెక్టరుగారు తుమ్మినా ఆయన సమయం వేసి రాసుకుంటారు.

వాళ్ళిద్దరూ జీపులో జిల్లాలన్నీ తిరిగి, దారిన పోయేవాళ్ళని దూరాలు అడిగారు. మా వైపు వచ్చేసరికి అందరూ చుట్టల్లోనే చెప్పారు. దక్షిణామూర్తిగారు పులకించిపోయారు. జానపదుల అంతశ్చేతనలో తరతరాలుగా నిక్షిప్తమై ఉన్న పరిమాణం తనకు దొరికిందన్నారు. తొమ్మిది రోజుల్లో ఉత్తర్వు దిగింది. ఇకమీదట కిలోమీటరు స్థానమున చుట్ట అను పరిమాణమునే వాడవలెననీ, విచారణలో ఐదు కిలోమీటర్లు సుమారు రెండు చుట్టలకు సమానమని తేలినందున, రూలులో ఐదు కిలోమీటర్లని ఉన్నచోట రెండు చుట్టలని చదువుకొనవలెననీ దాని సారాంశం.

జీడివలసలో ఎవరూ కంగారు పడలేదు. రెండున్నర రెండు కంటే ఎక్కువే కదా. నా గొలుసుని మాత్రం పట్నం తీసుకెళ్ళి, పరాయి కొలత అని చీటీ కట్టి సామాన్ల గదిలో పడేశారు. నన్ను మండలిలోకి మార్చి దూర సహాయకుడనే హోదా ఇచ్చారు. పని అదే, గొలుసు లేదు, అంతే.

అయితే ఆ ఉత్తర్వులో సుమారు అనే మాట ఒకటుంది చూశారూ, అది దక్షిణామూర్తిగారికి అన్నంలో రాయిలా తగిలింది. సుమారు అనేది సంతలో చెల్లుతుంది గాని శాస్త్రంలో చెల్లదన్నారు. పదకొండు మందితో సంఘం వేశారు. ప్రామాణిక చుట్టకి పొగాకు ఏ లంకదై ఉండాలి, ఆకు ఎన్నాళ్ళు ఆరాలి, పొడుగు ఎన్ని అంగుళాలు, లావు ఎంత, ఎంత బిగించి చుట్టాలి అన్నీ రాశారు. చుట్ట వెలిగించే అగ్గిపుల్ల తల ఎంత బరువుండాలో కూడా రాశారు. అది రాయడానికే నెల పట్టింది.

తర్వాత పరీక్షలు. సంఘంలో పదకొండు మందికీ తలో చుట్ట ఇచ్చి మండలి గుమ్మంలోంచి నడిపించారు. వెనకాల నేను జెండా పట్టుకుని నడిచాను. రసాయన పండితుడొకాయన గేటు దగ్గరే కూలబడి మంచినీళ్ళు అడిగారు. ఇంకొకాయన తూర్పుకి నడిస్తే ఒక దూరం వచ్చింది, పడమరకి నడిస్తే గాలికి గబగబా కాలిపోయి సగం దూరం వచ్చింది. మరొకాయనకి చుట్ట పట్టుకున్న చెయ్యి ఊపుతూ నడిచే అలవాటు, ఆ ఊపుకి నిప్పు రాజుకుని వేళ్ళు కాలాయి. లెక్కల ప్రొఫెసరుగారు మాత్రం మూడుసార్లూ ఒకే దూరం నడిచారని అందరూ సంతోషించారు. తీరా చూస్తే అది క్యాంటీను దూరం. అక్కడికి వెళ్ళగానే టీ కోసం చుట్ట పారేస్తున్నారాయన.

దక్షిణామూర్తిగారు మూడు రోజులు ఆలోచించి, చుట్టలో దోషం లేదు, దోషం కాల్చేవాడిలో ఉందని తేల్చారు. గాలికీ వానకీ చేతి ఊపుకీ అతీతంగా కాల్చే ప్రామాణిక ధూమపాని కావాలన్నారు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండవలసింది. గాలి తగలకుండా కాల్చేవాళ్ళు మా వైపు ఉన్నారండి అనేశాను.

అది అడ్డపొగ. మా వైపు ఆడవాళ్ళ అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, నిప్పు లేని కొస బయటికి ఉంచి కాలుస్తారు. ఒంగి నాట్లు వేస్తున్నా, వాన కురుస్తున్నా, నెత్తిన గంప ఉన్నా నిప్పు ఆరదు. చెయ్యి పెట్టి పట్టుకోనక్కర్లేదు. బూడిద ఎటు పోతుందో ఆ కాల్చేవాళ్ళని అడగకూడదు. అందులోనూ తవిటమ్మది ప్రత్యేకం. డెబ్బై ఏళ్ళ మనిషి, ప్రతి సంతరోజూ నెత్తిన వంకాయల గంపతో, నోట్లో చుట్టతో జీడివలసలో బయలుదేరి, అదే చుట్టతో బూరాడపేట చేరుతుంది. చేరాక మిగిలిన ముక్కని ఆర్పి, తిరుగు ప్రయాణానికని చెవి మీద దోపుకుంటుంది. నిప్పు లోపల ఊపిరాడక నెమ్మదిగా కాలుతుందని కొందరంటారు. తవిటమ్మ నోట్లో పడ్డది ఏదైనా భయంతో మెల్లిగానే కాలుతుందని ఆమె మొగుడు పోయేముందు అన్నాడట.

డైరెక్టరుగారు జీపుని నడక వేగంతో ఆమె వెనకాల నడిపించారు. చిదానందంగారు గడియారం చూసుకుంటూ రాసుకున్నారు. గెడ్డ దగ్గర జీపు ఆగిపోతే ఇద్దరూ పంచెలు ఎగ్గట్టి దిగారు. మూడు సంతలు వరసగా కొలిచారు. ఒకరోజు ఈదురుగాలి, ఒకరోజు జల్లు, ఒకరోజు మండుటెండ. మూడుసార్లూ ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి చుట్ట సరిగ్గా రెండు వేళ్ళ ముక్క మిగిలింది. దక్షిణామూర్తిగారు జేబురుమాలు ముక్కు మీంచి తీసి కళ్ళు ఒత్తుకున్నారు.

"గాలికి చలించదు, వానకు చెదరదు. ఈమె మనిషి కాదు చిదానందం, ప్రమాణం," అన్నారు.

మగవాళ్ళ చుట్ట ఇందులో సగమైనా రాదండి, రెండిటికీ పొత్తు కుదరదేమోనండి అని నేను నసిగాను. మగవాళ్ళే క్రమశిక్షణతో ప్రమాణాన్ని అందుకోవాలిగాని ప్రమాణం దిగి వాళ్ళ దగ్గరికి రాదన్నారు.

మర్నాడే ఉత్తర్వు. జీడివలస కాపురస్తురాలు గూళ్ళ తవిటమ్మ, ప్రామాణిక చుట్ట వెలిగించినది మొదలు అది ముగియువరకు గడచిన దూరమే ఒక చుట్ట. ఊళ్ళో ఆనందానికి అంతులేదు. సర్పంచి ఎండ అప్పలస్వామి డప్పులు పెట్టించి తవిటమ్మ మెళ్ళో దండ వేశాడు. రాష్ట్రానికే కొలబద్ద మన ఊళ్ళో ఉంటే మన ఊరికి కొరతేమిటన్నాడు. తవిటమ్మ దండలోంచి ఒక చామంతి తెంపి పారమ్మ జడలో పెట్టి, ఇంక నర్సమ్మ వచ్చినట్టేనే గుంటా అంది.

ఆ తర్వాత తవిటమ్మ జీవితం మారిపోయింది. ప్రమాణానికి రక్షణ కావాలి కదా. ఆమెకి జలుబు చెయ్యకూడదు. చేస్తే రాష్ట్రం కుంచించుకుపోతుంది. ఆమె పోట్లాడకూడదు, ఊపిరి వేగం పెరిగితే ఊళ్ళు దూరమవుతాయి. కారం తగ్గించాలి. నవ్వితే నిప్పు కదులుతుంది గనక కొలత సమయంలో ఎవరూ ఆమెను నవ్వించరాదు, తాకరాదు, పలకరించరాదు. పలకరించినవారు ఎంతటివారైనా శిక్షార్హులు. ఇది పద్నాలుగో నిబంధన. ఆమె ఇంటి ముందు ఒక కాపలావాణ్ణి పెట్టారు. పక్కింటావిడతో నలభై ఏళ్ళుగా రోజూ ఉదయం జరిగే పోట్లాటని వాడు ఆపేసరికి, ఆ పక్కింటావిడ బెంగతో మంచం పట్టింది.

పట్నంలో గాజు గది కట్టి, ఆమెను అందులో ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచాలని కూడా అనుకున్నారు. మేకలతో సహా అయితే వస్తానంది. మేకల వల్ల గది వేడి ఎంత మారుతుందో లెక్క తేలక ఆ కాగితం ఆగింది. జిల్లాకొకరు చొప్పున పదముగ్గురు ముసలమ్మలను నకలు ప్రమాణాలుగా నియమించి, ఏటేటా తెచ్చి తవిటమ్మతో సరిపోల్చాలన్నారు.

రోడ్ల పక్క మైలురాళ్ళు పీకి చుట్టరాళ్ళు పాతారు. వాటి మీద చుట్ట బొమ్మ వేసి, ఇన్ని చుట్టలని రాశారు. ఆరోగ్య శాఖవారు ఊరుకుంటారా, చుట్ట బొమ్మ ఉన్న ప్రతిచోటా పొగతాగడం ఆరోగ్యానికి హానికరమని రాయాల్సిందేనన్నారు. ఆ అక్షరాలకి చోటు చాలక కొన్ని రాళ్ళ మీద ఊరి పేరు తీసేశారు. దాంతో మనిషికి ఎక్కడికి పోతున్నాడో తెలియదుగాని పోవడం హానికరమని తెలిసేది. బడిలో పిల్లలు గంటకి ఆరు చుట్టల వేగంతో పోయే రైలు లెక్క చేశారు. నా మనవడికి అందులో సున్నా వచ్చింది. వాడి రైలు మగవాళ్ళ చుట్టల్లో పోయిందట.

ఇంత జరిగాక జీడివలస ఉప కేంద్రం ఫైలు, దూరాల మీద తేలే మంజూర్లన్నీ అప్పటికి మండలికే అప్పగించారు గనక, అక్కడి నుంచే తిరిగొచ్చింది. ఎర్రసిరాతో ఒకటే వాక్యం: సదరు గ్రామము ఆసుపత్రికి ఒక చుట్టలోపు దూరముననే కలదు గనుక అనర్హము.

అప్పలస్వామి ఆ కాగితం పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని పట్నం వచ్చాడు. డైరెక్టరుగారు మర్యాదగా కుర్చీలు వేయించి, గోడకున్న పటం చూపించారు. ప్రమాణీకరణకు పూర్వం ఆసుపత్రికి రెండు చుట్టలకు మించి దూరంగా ఉన్న గ్రామాలు నాలుగువేల చిల్లర. ప్రమాణీకరణ తర్వాత నూట పన్నెండు. ఒక్క రోడ్డు వెయ్యకుండా, ఒక్క వంతెన కట్టకుండా, ఇన్నివేల పల్లెలను ఏ ప్రభుత్వం ఇంత త్వరగా ఆసుపత్రికి చేరువ చేసిందో చెప్పమన్నారు.

"మా ఊరు అంగుళం కదల్నేదు బావూ," అన్నాడు అప్పలస్వామి.

"కదలనవసరం లేదు. దగ్గరైనది," అన్నారు దక్షిణామూర్తిగారు.

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగా సంతోషంగానే అన్నారు. అదే మాకు దారి లేకుండా చేసింది. వెటకారమైతే తిరిగి ఓ మాట అనొచ్చు, సంతోషపడేవాణ్ణి ఏమంటాం?

ఊళ్ళో ఆ కబురు తవిటమ్మకి చెప్పవలసినవాణ్ణి నేనే. పారమ్మకి ఏడో నెల దాటుతోంది. కాళ్ళు వాచి ఉన్నాయి. బూరాడపేట డాక్టరు చూసి, ఈసారి పక్కన నర్సు లేకుండా కాన్పు కానివ్వొద్దు, గెడ్డ పొంగే రోజులని చెప్పి పంపాడు. తవిటమ్మ నేను చెప్పిందంతా విని నోట్లోంచి చుట్ట తీసింది.

"ఒరే దాలిగా, అంటే నా నోరే ఆ గుంట నోట్లో మట్టి కొట్టినాదన్నమాట."

"నీ తప్పేముందప్పా," అన్నాను. "నీ సంగతి చెప్పినవాణ్ణి నేను."

"నీకు తరవాత సెప్తాను. ముందు ఆ బావు కాడకి తీసుకుపో."

తీసుకెళ్ళాను. కాపలావాడు కూడా వచ్చాడు, ప్రమాణం ఒంటరిగా ప్రయాణం చెయ్యకూడదు కనక. దక్షిణామూర్తిగారు ఆమె రాగానే లేచి నిలబడ్డారు. తవిటమ్మ కూర్చోలేదు. అడ్డపొగ మానేస్తాను, మగాళ్ళలాగే నిప్పు బయటికి పెట్టి కాలుస్తాను, మళ్ళీ కొలుచుకోమంది. డెబ్బై ఏళ్ళ వయసులో అలవాటు మానుకోవడమంటే మాటలు కాదు.

డైరెక్టరుగారు ఎంతో ఓపికగా విడమరిచి చెప్పారు. ఆమె ఎలా కాల్చాలన్నది చెప్పే అధికారం మండలికి గాని, ప్రభుత్వానికి గాని, చివరికి ఆమెకి గాని లేదట. ఏటేటా ఒకసారి సరిచూసే రోజున ఆమె ఎంత దూరం పోతే అంతే చుట్ట. ఒకవేళ ఆ రోజున ఆమె చుట్ట తక్కువ దూరం వచ్చిందనుకోండి, అప్పుడు చుట్ట తగ్గినట్టు కాదు, రాష్ట్రమంతా పెరిగినట్టు.

తవిటమ్మ తల పక్కకి వంచి వింది.

"అంటే నాను తప్పడం అనేది నేదా బావూ?"

"నిర్వచనం ప్రకారం మీరు తప్పలేరమ్మా. లోకం తప్పవచ్చును."

"కాయితం మీద ఉన్నాదా ఈ మాట?"

ఉందన్నారాయన. చిదానందంగారు ఆ కాగితం తీసి చదివి వినిపించారు. వెలిగించినది మొదలు ముగియువరకు గడచిన దూరము. తవిటమ్మ రెండోసారి చదవమంది. చదివారు. అయితే సరే అని, అందరికీ దండం పెట్టి బస్సెక్కింది. దారిలో నాకు, తరవాత సెప్తానన్న దానికి బదులుగా, ఆమె చీరకొంగులోంచి ఒక జామకాయ తీసి ఇచ్చింది. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

ఆ ఏడాదికి సరిచూసే రోజు వచ్చింది. పారమ్మకి నెలలు నిండుతున్నాయి. తవిటమ్మ ఇంటి ముందు పందిరి వేశారు. పదకొండు మంది సంఘ సభ్యులూ పట్నం నుంచి వచ్చారు. పదముగ్గురు నకలు ముసలమ్మలు వరసగా నిలబడ్డారు, తలా ఒక చుట్టతో. అసలుది ఎలా నడిస్తే వాళ్ళు అలా నడిచి సరిచేసుకోవాలి. చిదానందంగారు గడియారం విప్పారు. నేను జెండా పట్టుకున్నాను. కాపలావాడు పద్నాలుగో నిబంధన గట్టిగా చదివాడు.

తవిటమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. డైరెక్టరుగారు పళ్ళెంలో అందించిన ప్రామాణిక చుట్ట తీసుకుంది. ప్రామాణిక అగ్గిపుల్లతో వెలిగించింది. నిప్పు కొస నోట్లోకి తిప్పుకుంది. తర్వాత తన గుమ్మం మీద, పారమ్మ పక్కన కూర్చుంది.

చుట్ట అంటుకునే దాకా కూర్చుందేమో అనుకున్నాం. పావుగంట అయింది. పారమ్మ చేటలో చిక్కుడుకాయలు తుంపుతోంది. తవిటమ్మ కూడా ఒక్కో కాయ తీసుకుని తుంపసాగింది. అరగంట అయింది. డైరెక్టరుగారు నోరు తెరిచి, కాపలావాడి ముఖం చూసి మూసుకున్నారు. నిబంధన మీద సంతకం ఆయనదే. లెక్కల ప్రొఫెసరుగారు టీ ఎక్కడ దొరుకుతుందని సైగ చేశారు. నకలు ముసలమ్మలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తామూ చుట్టలు వెలిగించుకుని, పదముగ్గురూ పందిట్లో మఠం వేసుకుని కూర్చున్నారు. వాళ్ళూ విధి నిర్వహించాలి కదా.

చిక్కుడుకాయలు అయిపోయాయి. ఎండ పందిరి దాటింది. ఒక గంటా ఇరవై నిమిషాలకి తవిటమ్మ నోట్లోంచి ఆఖరి ముక్క తీసి, నేల మీద రాసి ఆర్పింది.

"అయిపోనాది బావూ. రాసుకోండి."

చిదానందంగారు కలం పట్టుకుని ఎంత రాయమంటారని అడిగారు. డైరెక్టరుగారు నా కేసి చూశారు. నేను ఉద్యోగధర్మంగా గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆమె కూర్చున్నచోటు నుంచి ఆమె కూర్చున్నచోటుకి జాగ్రత్తగా కొలిచి, ఏమీ లేదండి అన్నాను.

ఒక చుట్ట అంటే ఏమీ లేదు. కాబట్టి ఏ ఊరికి పోవాలన్నా ఎన్ని చుట్టలైనా చాలవు.

పొద్దు వాలేలోగా దాని ఫలితాలు తెలిశాయి. కండక్టర్లు టికెట్టు మీద ఎన్ని చుట్టలని రాయాలో తెలియక బస్సులు ఆపేశారు. సంఘ సభ్యులు తిరిగి ఎంత దూరం పోవాలో తేలక వాళ్ళ ప్రయాణానికి అనుమతి రాలేదు. పదకొండు మందీ అప్పలస్వామి ఇంట్లోనే భోజనానికి కూర్చున్నారు. మండలి ఆఫీసులో గుమాస్తా బల్ల నుంచి డైరెక్టరు బల్లకి ఫైలు పోవడానికి ఎన్ని చుట్టలని కబురొచ్చింది. ఆమె కొలత తప్పని ఒక్క మాట అంటే అన్నీ సర్దుకుంటాయి. కానీ ఆ మాట అనకూడదని రాసింది దక్షిణామూర్తిగారే. ముప్ఫై ఏళ్ళలో ఆయన తన రాత తాను కొట్టేసి ఎరగరు.

ఆయన తవిటమ్మ గుమ్మం ముందుకి వచ్చి నిలబడ్డారు. ఇంకొక్కసారి, నాలుగు అడుగులైనా సరే, నడవమని అడిగారు. అది ఆజ్ఞలా లేదు, బతిమాలుతున్నట్టే ఉంది.

తవిటమ్మ ఆయన్ని వదిలి చిదానందంగారిని అడిగింది.

"ఇక్కడకీ ఆసుపత్రికీ ఇప్పుడెన్ని సుట్టలు బాబూ?"

"లెక్కకు అందదమ్మా."

"రెండుకి పైనేనా?"

చిదానందంగారు డైరెక్టరుగారి వైపు భయంగా చూసి, కాగితం కేసి చూసి, "పైనేనమ్మా," అన్నారు.

"అయితే నర్సమ్మని తెండి. ఆ యమ్మ ఈ గుమ్మంలో కాలెట్టినాక నాను నడుస్తాను. బూరాడపేట దాకా ఏటి, మీ పట్నం దాకా నడవమన్నా నడుస్తాను."

దక్షిణామూర్తిగారి చూపు పారమ్మ వాచిన కాళ్ళ మీద పడింది. అప్పటిదాకా ఆయనకి పటంలోని చుక్కలే తెలుసు. చేటలో గింజలు వేరుచేస్తున్న ఆ పిల్ల, ఆయన చూస్తున్నారని కాళ్ళు చీరలోకి లాక్కుంది. ఆయన జేబులోంచి కలం తీసి, చిదానందంగారి వీపు బల్ల చేసుకుని, అక్కడికక్కడే మంజూరు రాశారు. జీవితంలో మొదటిసారి తప్పు తేదీ వేశారు. దిద్దలేదు కూడా.

నాలుగో రోజున సుగుణ అనే నర్సమ్మ జీపు దిగింది. గెడ్డ పొంగి ఉంది. మంచాన్నీ బీరువానీ మగవాళ్ళు నెత్తిన పెట్టుకుని దాటించారు, నర్సమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. తవిటమ్మ మాట ప్రకారం మర్నాడు గెడ్డ కాస్త తగ్గగానే చుట్ట వెలిగించి బూరాడపేట దాకా నడిచింది, బస్సులు కదిలాయి. తొందర్లోనే మండలివాళ్ళు చుట్టరాళ్ళు చడీచప్పుడు లేకుండా పీకేశారు. దూరాల జోలి వద్దని తూకాల మీదికి మళ్ళారు.

నర్సమ్మ వచ్చిన తొమ్మిదో రోజున, హోరున వాన పడుతుండగా, పారమ్మ కష్టపడింది. తెల్లారి మొదలైన నొప్పులు మధ్యాహ్నం దాకా ఆగలేదు. మధ్యలో ఒకసారి సుగుణమ్మ బయటికొచ్చి గెడ్డ కేసి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. గెడ్డ అవతలి ఒడ్డు కూడా కనిపించడం లేదు. అప్పలస్వామి, నేను, ఊరి మగవాళ్ళందరం చూరు కింద నిలబడి ఒకరి ముఖం ఒకరు చూడకుండా వాన చూశాం. మూడో ఝాము దాటాక లోపలి నుంచి ఏడుపు వినబడింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమమని నర్సమ్మ బయటికొచ్చి చెప్పింది.

వాన తగ్గాక చిదానందంగారు గొడుగుతో వచ్చారు. పుట్టిన బిడ్డల బరువులు దేశీయ తూకాల్లో సేకరించాలని మండలి కొత్తగా పంపిన ఫారం ఆయన సంచిలో ఉంది. వీశెలా, తులాలా, ఏవి వాడాలో ఇంకా తేలలేదు, ప్రస్తుతానికి మీరేం చెబితే అది రాసుకుంటానన్నారు. నర్సమ్మ తక్కెడలో పెట్టి చూసి రెండు కిలోల ఎనిమిది వందలంది. ఆ కొలత ఫారంలో లేదన్నారాయన.

తవిటమ్మ ఆ రోజు పొద్దుటి నుంచి చుట్ట ముట్టుకోలేదు. రెండు చేతులూ చాచి మునిమనవరాలిని అందుకుని, గుడ్డ సర్ది, కాసేపు ముఖం కేసి చూసింది.

"సేతుల నిండా ఉన్నాది," అంది. "అలగే రాసుకో బాబూ."

చిదానందంగారు ఇంకేమీ అడగలేదు. గొడుగు చంకలో పెట్టుకుని, అలాగే రాసుకున్నారు.